మొదటి ప్రైమ్ లెన్స్: ముందు కోణం, తర్వాతే ఎపర్చర్

మిర్రర్‌లెస్ కెమెరా కొన్న కొత్తలో దానితో వచ్చిన కిట్ లెన్సే చాలనిపిస్తుంది. పగటి వెలుగులో గుడి గోపురం, పొలం గట్టు, సముద్రపు ఒడ్డు అన్నీ బాగానే వస్తాయి. ట్యూబ్‌లైట్ కింద పిల్లల పుట్టినరోజు తీయాల్సి వచ్చినప్పుడే చిక్కు మొదలవుతుంది. చేతులు కదిలిపోయి, ముఖాల నిండా నాయిజ్ చుక్కలతో ఫొటోలు వస్తాయి. అప్పుడు ఎవరిని సలహా అడిగినా ఒకటే మాట: ప్రైమ్ లెన్స్ కొనుక్కోండి. జూమ్ లేకుండా ఒకే ఫోకల్ లెంగ్త్‌లో ఉండి, కిట్ లెన్స్ కంటే ఎన్నో రెట్లు వెలుతురు తీసుకునే లెన్స్ అది. సలహా మంచిదే. ఏది కొనాలని అడిగితే మాత్రం తలకో మాట.

ఒకరు 50 అంటారు, ఇంకొకరు 35 అంటారు. కెమెరా కంపెనీ లెన్స్ తప్ప వేరేది పెట్టవద్దని కొందరు, సగం ధరకు చైనా లెన్సులు దొరుకుతుంటే కంపెనీ పేరుకు డబ్బులెందుకని మరికొందరు. ఈ నాలుగు సలహాల్లో ఏదీ అబద్ధం కాదు. నాలుగూ నాలుగు వేర్వేరు కాలాల్లో పుట్టాయి: మొదటిది ఫిల్మ్ రోజులది, రెండోది చిన్న సెన్సర్ డీఎస్‌ఎల్‌ఆర్‌లది, మూడోది మిర్రర్‌లెస్ తొలి ఏళ్లది, నాలుగోది ఇటీవలి ఐదారేళ్లది. అన్నీ ఒకేసారి చెవిన పడటం వల్లే కొత్తవాళ్లకు ఈ అయోమయం. వాటిని విడదీసి చూస్తే ఎంపిక చాలావరకు తేలికపడుతుంది.

యాభైకి పెద్దరికం ఎలా వచ్చింది

1925లో లైప్‌జిగ్ వాణిజ్య ప్రదర్శనలో లైకా కెమెరా జనం ముందుకు వచ్చింది. ఆస్కార్ బార్నాక్ సినిమా ఫిల్మును అడ్డంగా నడిపించి 24×36 మి.మీ. ఫ్రేమును స్థిరపరిస్తే, మాక్స్ బెరెక్ దానికి 50 మి.మీ. లెన్స్ రూపొందించాడు. ఆ ఫ్రేమును మూల నుంచి మూలకు కొలిస్తే 43 మి.మీ. పైచిలుకు ఉంటుంది. ఆ కొలతకు దగ్గరి ఫోకల్ లెంగ్త్‌ను ‘నార్మల్’ అంటారు. 50 దానికంటే కాస్త ఎక్కువే అయినా, లైకాతో పాటు అదే ప్రమాణంగా నిలిచిపోయింది. ఫొటోగ్రాఫర్ హెన్రీ కార్టియర్ బ్రెసన్ తన పనిలో ఎక్కువ భాగం దానితోనే చేశాడు. జపాన్ దర్శకుడు యసుజిరో ఓజు కూడా తన సినిమాల్ని దాదాపుగా 50తోనే తీశాడు.

ఈ పెద్దరికానికి కళతో సంబంధం లేని కారణం ఇంకొకటి ఉంది: ధర. 1896లో జైస్ కంపెనీలో పాల్ రుడాల్ఫ్ రూపొందించిన ప్లానార్‌లో గాజులు మధ్యలోని ఎపర్చర్‌కు రెండు వైపులా ఇంచుమించు సమానంగా అమరి ఉంటాయి. చౌక 50 మి.మీ. లెన్సులు ఆ అమరిక నుంచి వచ్చినవే. ఐదారు గాజులతో మంచి పదును వస్తుంది. ఎస్‌ఎల్‌ఆర్ కెమెరాలో లెన్సుకు, ఫిల్ముకు మధ్య అద్దం కదలడానికి చోటు కావాలి. నికాన్ ఎఫ్ మౌంట్‌లో ఆ దూరం 46.5 మి.మీ., కానన్ ఈఎఫ్‌లో 44 మి.మీ. యాభై లెన్స్ ఆ దూరంలో ఇబ్బంది లేకుండా ఇమిడిపోతుంది. 24, 28, 35 లాంటి పొట్టి ఫోకల్ లెంగ్త్‌లకు మాత్రం బొమ్మను వెనక్కి నెట్టే అదనపు గాజులు కావాలి. దాంతో బరువు, ధర రెండూ పెరుగుతాయి. యాభై చౌక కావడంలో ఆ అద్దానికి పెద్ద పాత్రే ఉంది.

1970లలో ఎస్‌ఎల్‌ఆర్ కొంటే సాధారణంగా 50 దానితో పాటే వచ్చేది. తర్వాత జూమ్‌లు ఆ చోటును ఆక్రమించాయి. 1990లో కానన్ తెచ్చిన ఈఎఫ్ 50 మి.మీ. ఎఫ్/1.8 రెండో రూపం ఒళ్లంతా ప్లాస్టిక్, మౌంట్ కూడా ప్లాస్టిక్కే, బరువు 130 గ్రాములు. ఫోకస్ మోటార్ గరగరలాడేది. అయినా పాతికేళ్ల పాటు అమ్ముడుపోతూ, ఎందరికో మొదటి ప్రైమ్ అయింది. 2015లో దాని చోటులోకి లోహపు మౌంట్, తక్కువ చప్పుడు చేసే ఎస్‌టీఎం మోటార్‌తో కొత్త రూపం వచ్చింది. ముందు యాభై కొనమనే సలహా బలమంతా ఈ చరిత్రదే.

సెన్సర్ చిన్నదైంది, సలహా మారలేదు

2003లో కానన్ 300డీ, 2004లో నికాన్ డీ70 వచ్చి డిజిటల్ ఎస్‌ఎల్‌ఆర్‌ను మధ్యతరగతి ఇళ్లలోకి తెచ్చాయి. వాటి సెన్సర్ ఫిల్మ్ ఫ్రేముకంటే చిన్నది, ఏపీఎస్-సీ పరిమాణం. దాని మీద యాభై లెన్స్ చూపించే కోణం నికాన్, సోనీ, ఫ్యూజీఫిల్మ్‌లలో 75 మి.మీ. లెన్సుకు, కానన్‌లో 80 మి.మీ. లెన్సుకు సమానం. అది నార్మల్ కాదు, పోర్ట్రెయిట్ లెన్స్.

ఈ తేడాను గదిలో కొలిచి చూస్తే వెంటనే అర్థమవుతుంది. ఏపీఎస్-సీ కెమెరాతో మనిషికి పదడుగుల దూరంలో నిలబడితే, 50 మి.మీ. లెన్సులో దాదాపు నాలుగున్నర అడుగుల వెడల్పు పడుతుంది. 35తో ఆరున్నర అడుగులు. 24తో తొమ్మిదిన్నర నుంచి పదడుగులు. మన ఇళ్లలో మామూలు హాలు పొడవు పన్నెండు, పద్నాలుగు అడుగులు అనుకుంటే, గోడకు ఆనుకుని నిలబడ్డా యాభైతో ఇద్దరు ముగ్గురికి మించి ఇమడరు. పుట్టినరోజు కేకు, చుట్టూ పిల్లలు, వెనుక తాతయ్య అందరూ ఒకే ఫొటోలో కావాలంటే ఆ లెన్స్ పనికిరాదు. చౌకగా దొరికిందని యాభై కొని, పెళ్లిచూపుల ఫొటోలకూ ఇంటి వేడుకలకూ కిట్ లెన్సే తిరిగి తగిలించుకున్నవాళ్లు తక్కువేమీ కాదు.

కంపెనీలకు ఈ సంగతి తెలుసు. నికాన్ 2009లో ఏపీఎస్-సీ కోసం ప్రత్యేకంగా 35 మి.మీ. ఎఫ్/1.8, కానన్ 2014లో 24 మి.మీ. ఎఫ్/2.8 తెచ్చాయి. రెండూ చౌకవే. అయినా సలహా చెప్పేవాళ్ల నోట ‘యాభై’ మాట అలాగే ఉండిపోయింది.

2008లో పానసోనిక్ జీ1తో అద్దం లేని కెమెరాలు మొదలయ్యాయి. అద్దం పోవడంతో లెన్స్ సెన్సర్‌కు దగ్గరగా రాగలిగింది. నికాన్ జడ్ మౌంట్‌లో దూరం 16 మి.మీ., సోనీ ఈలో 18, కానన్ ఆర్‌ఎఫ్‌లో 20. పొట్టి ఫోకల్ లెంగ్త్‌లను చిన్నగా, తేలికగా చేయడానికి దారి తెరుచుకుంది. ఆ దారిలో ముందుగా నడిచింది ఏపీఎస్-సీ కంటే చిన్న సెన్సర్ వాడే మైక్రో ఫోర్ థర్డ్స్ వర్గం. పానసోనిక్ 20 మి.మీ. ఎఫ్/1.7 2009లో 100 గ్రాముల బరువుతో వచ్చింది. పెద్ద కంపెనీలు ఏపీఎస్-సీ వాళ్ల మీద అంత శ్రద్ధ చూపలేదు. నికాన్ జడ్50 కెమెరా 2019లో వస్తే, దానికి తగ్గ మొదటి డీఎక్స్ (నికాన్ ఏపీఎస్-సీ) ప్రైమ్, 24 మి.మీ. ఎఫ్/1.7, 2023 దాకా రాలేదు. తక్కువ డబ్బుతో మొదలుపెట్టే వాడుకరులను నాలుగేళ్లు ఎదురుచూసేలా చేయడం న్యాయం కాదు. బయటి కంపెనీలు బలపడటానికి ఆ ఖాళీలే కారణం.

కోణం గురించి మూడు మతాలు

ఏ కోణం మేలు అన్నది అభిరుచి తగాదా. పరిష్కారం లేకపోయినా, మూడు పక్షాల వాదన తెలుసుకుంటే ఎవరి స్వభావానికి ఏది సరిపోతుందో తేలుతుంది. కింది అంకెలన్నీ ఫుల్ ఫ్రేమ్ (24×36 మి.మీ. సెన్సర్) లెక్కలో చెప్పినవి. ఏపీఎస్-సీ వాళ్లు వాటిని ఒకటిన్నరతో, కానన్ వాళ్లు 1.6తో, మైక్రో ఫోర్ థర్డ్స్ వాళ్లు రెండుతో భాగించుకోవాలి.

మొదటిది 28, 35ల పక్షం. మనిషిని అతని పరిసరాలతో కలిపి చూడాలన్నది వీరి మాట. గ్యారీ వినోగ్రాండ్ న్యూయార్క్ వీధుల్లో 28తో తీశాడు. అలెక్స్ వెబ్ పొరలు పొరలుగా నిండిన తన రంగుల ఫొటోలను ఎక్కువగా 35తో తీశాడు. ఇంట్లో, బండి మీద, సంతలో, బతుకమ్మ ఆడే చోట తీసేవాళ్లకు ఈ కోణం ఒదుగుతుంది. తంటా ఏమిటంటే దగ్గరికి వెళ్లే ధైర్యం కావాలి, లేదంటే ఫొటో నిండా అక్కరలేని వస్తువులే కనిపిస్తాయి.

రెండోది 40 నుంచి 50 దాకా. అనవసరమైనది వదిలేసి ఒక విషయం మీద నిలబడే చూపు ఇది. ముఖం సాగదు, నేపథ్యం మరీ విడిపోదు.

మూడో పక్షం సంఖ్యలో చిన్నది, 75 నుంచి 90 దాకా. వీధి ఫొటో అంటే వైడ్ లెన్సే అనేవాళ్లకు సాల్ లైటర్ మంచి జవాబు. న్యూయార్క్‌లోనే, పొడవాటి లెన్సులతో, అద్దాల ఆవిరి వెనుక నుంచీ గొడుగుల మధ్య నుంచీ అతను తీసిన రంగుల ఫొటోలు వినోగ్రాండ్ ఫొటోలకు పూర్తిగా భిన్నం. పిల్లల ముఖాలు, నాట్య ప్రదర్శన, వేదిక మీది పాటగాళ్లు ముఖ్యమైనవాళ్లకు ఏపీఎస్-సీ మీద యాభై అచ్చంగా ఈ పనికి వస్తుంది. అంటే అది చెడ్డ లెన్స్ కాదు. మొదటి లెన్సుగా దాని పని వేరు.

మూడు పక్షాలూ కలిసి వాడే ఒక వాదన ఉంది: జూమ్ లేకపోతే ఏమిటి, కాళ్లతో ముందుకూ వెనక్కూ నడవండి అని. ఇది సగం నిజం. ఫ్రేములో మనిషి పరిమాణాన్ని నడక మార్చగలదు. కానీ ముఖానికీ నేపథ్యానికీ మధ్య నిష్పత్తిని నిర్ణయించేది నిలబడిన దూరం. వైడ్ లెన్సుతో ముఖానికి అడుగున్నర దూరంలోకి వెళితే ముక్కు పెద్దదిగా, చెవులు వెనక్కి పోయినట్టుగా వస్తాయి. పొడవాటి లెన్సుతో వెనక్కి జరగాలంటే గోడ అడ్డం వస్తుంది.

ఎపర్చర్ అంకెల్లో ఎంత సారం

ప్రైమ్ కొనడానికి మొదటి కారణం వెలుతురు కాబట్టి ఈ లెక్క నిదానంగా చూడాలి. కానన్ ఆర్50తో వచ్చే 18-45 కిట్ లెన్స్ పొడవు చివరలో ఎఫ్/6.3. ఎఫ్/1.8 లెన్స్ దానికంటే పన్నెండు రెట్లు వెలుతురు తీసుకుంటుంది. కిట్ లెన్సుతో 1/15 సెకను పెట్టాల్సి వచ్చిన చోట 1/180 పెట్టుకోవచ్చు. లేదా షట్టర్ అలాగే ఉంచి ఐఎస్‌ఓను 12,800 నుంచి వెయ్యి దగ్గరికి దించవచ్చు. కదిలే పిల్లల విషయంలో ఈ తేడా ఫొటో వచ్చిందా రాలేదా అన్నంత పెద్దది. కిట్ నుంచి ప్రైమ్‌కు మారడంలో అసలు లాభం ఇదే.

అక్కడి నుంచి పైకి వెళ్లే కొద్దీ లాభం చిన్నదవుతుంది, ఖర్చు పెద్దదవుతుంది. ఎఫ్/1.8 నుంచి ఎఫ్/1.4కు వెళితే పెరిగేది స్టాప్‌లో (వెలుతురు రెట్టింపయ్యే మెట్టులో) మూడింట రెండు వంతులే. నికాన్ 24 మి.మీ. ఎఫ్/1.7 బరువు 135 గ్రాములు. సిగ్మా 30 మి.మీ. ఎఫ్/1.4 బరువు 265 గ్రాములు. రెండూ మంచివే. రెండోది జేబులో పట్టదు. కెమెరా ఇంట్లో ఉండిపోతే దాని ఎపర్చర్ ఎంతైనా ఒకటే.

పెద్ద ఎపర్చర్ అంటే మేలైన లెన్స్ అన్న భ్రమను నికాన్ జడ్ వరుస చక్కగా తొలగిస్తుంది. 2018లో వచ్చిన 50 మి.మీ. ఎఫ్/1.8 ఎస్ తరగతి లెన్స్. అంచుల దాకా పదునైనది. 2024లో వచ్చిన 50 మి.మీ. ఎఫ్/1.4 దానికంటే తక్కువ ధరకు దొరుకుతుంది, పూర్తిగా తెరిచినప్పుడు అంత పదునుండదు. అంకె ఒకటి చెబుతుంది, గాజు ఇంకొకటి చెబుతుంది.

ఇంకో తీరని తగాదా ‘సమానత’ గురించి. ఏపీఎస్-సీ మీద ఎఫ్/1.8 నిజంగా ఎఫ్/1.8యేనా? ఎక్స్‌పోజర్ విషయంలో అవును. షట్టర్, ఐఎస్‌ఓ అంకెలు మారవు. నేపథ్యం మసకబారే విషయంలో మాత్రం అది ఫుల్ ఫ్రేమ్ మీద ఎఫ్/2.7 లెన్స్ ఇచ్చే ఫలితానికి దగ్గర. ఇరుపక్షాలూ తమ తమ మాటల్లో సరైనవే. కానీ ఒకే కెమెరా ఉన్న అభిరుచి ఫొటోగ్రాఫర్‌కు ఈ లెక్కతో రోజువారీ పని లేదు. ఫుల్ ఫ్రేముకు మారాలా అని డబ్బు లెక్కపెట్టుకునే రోజున చాలు.

మసక నేపథ్యానికి ఒక ఖరీదు ఉంది. ఏపీఎస్-సీ మీద 50 మి.మీ. లెన్సును ఎఫ్/1.8 దగ్గర పెట్టి మీటరున్నర దూరంలోని ముఖం తీస్తే, స్పష్టంగా ఉండే లోతు ఆరేడు సెంటీమీటర్లు. కన్ను పదునుగా ఉంటే చెవి మసకబారుతుంది. పక్కన నిలబడ్డ రెండో మనిషి కాస్త వెనుక ఉంటే పూర్తిగా పోతాడు. అదే దూరంలో 35 లెన్స్ దాదాపు 13 సెంటీమీటర్లు ఇస్తుంది. కొత్తగా ప్రైమ్ కొన్నవాళ్ల ఫొటోలు కొన్ని ‘పదును లేవు’ అనిపించడానికి లెన్స్ లోపం కంటే ఈ పలుచని లోతే తరచూ కారణం. నలుగురిని కలిపి తీసేటప్పుడు ఎఫ్/4కి మూయడం అలవాటు చేసుకోవాలి.

దీనికి తోడు కదలికను అదుపు చేసే స్టెబిలైజేషన్ సంగతి. సోనీ ఏ6400, జడ్‌వీ-ఈ10, నికాన్ జడ్50, జడ్30, కానన్ ఆర్50, ఆర్10 బాడీలలో సెన్సర్ స్టెబిలైజేషన్ లేదు. చౌక ప్రైమ్‌లలోనూ అరుదు. సోనీ 35 మి.మీ. ఎఫ్/1.8 ఓఎస్‌ఎస్ దీనికి మంచి మినహాయింపు. 2012 నాటి లెన్స్ అయినా అందుకే ఇప్పటికీ సిఫారసుల్లో ఉంటుంది. అయితే స్టెబిలైజేషన్ చేతి వణుకునే ఆపుతుంది, పరుగెత్తే పిల్లాడిని ఆపదు.

సొంత కంపెనీ, బయటి కంపెనీ

ఈ విషయంలో మౌంట్ ఎవరిదన్నదే సగం జవాబు. సోనీ తన ఈ మౌంట్ ప్రాథమిక వివరాలను 2011 ఏప్రిల్ నుంచే రుసుము లేకుండా ఇతర తయారీదారులకు ఇచ్చింది. ఫలితం కళ్లముందుంది: సోనీకి దొరికినన్ని చౌక లెన్సులు మరెవరికీ దొరకవు. కానన్ ఎదురు దారి పట్టింది. 2022లో తన పేటెంట్, డిజైన్ హక్కుల ఉల్లంఘన అంటూ విల్‌ట్రాక్స్‌ను ఆర్‌ఎఫ్ ఆటోఫోకస్ లెన్సులు ఆపమంది, ఆ కంపెనీ ఆపేసింది. 2024 ఏప్రిల్‌లో మాత్రం సిగ్మా, టామ్రాన్‌లు లైసెన్సుతో ఏపీఎస్-సీ లెన్సులు ప్రకటించాయి. సిగ్మా 16, 23, 30, 56 మి.మీ. ఎఫ్/1.4 లెన్సులు ఆ జాబితాలో ఉన్నాయి. కానన్ చిన్న కెమెరా కొన్నవాళ్లకు చాలాకాలం తర్వాత దొరికిన ఊరట అది.

చైనా కంపెనీల్లో విల్‌ట్రాక్స్, టీటీ ఆర్టిజన్, సెవెన్ ఆర్టిజన్స్ పేర్లు ఎక్కువగా వినిపిస్తాయి. విల్‌ట్రాక్స్ 2024లో మొదలుపెట్టిన ‘ఎయిర్’ వరుసలో 25, 35, 56 మి.మీ. ఎఫ్/1.7 లెన్సులున్నాయి. బరువు 170 గ్రాముల చుట్టూ, ఆటోఫోకస్ ఉంది. 56 మి.మీ. విడుదల ధర 139 డాలర్లు. పదేళ్ల కిందట ఆ ధరకు మిర్రర్‌లెస్‌కు ఎక్కువగా మాన్యువల్ ఫోకస్ లెన్సులే దొరికేవి. ఈ లెన్సులను ఇంకా ‘నకిలీ సరుకు’ అన్నట్టు తీసిపారేయడం కాలం చెల్లిన మాట.

అభ్యంతరాలు లేకపోలేదు. కెమెరా కంపెనీ కొత్త ఫర్మ్‌వేర్ ఇచ్చినప్పుడు బయటి లెన్స్ తడబడే అవకాశం ఉంది. విల్‌ట్రాక్స్ లెన్స్ వెనుక యూఎస్‌బీ పోర్ట్ పెట్టింది అందుకే, దాన్ని వాడుకరి తానే అప్‌డేట్ చేసుకోవాలి. రిపేరు సదుపాయం ఊరిని బట్టి ఉంటుంది. ఎదురుగా ఉన్న దీపాల మెరుపును చౌక లెన్సులు అంత బాగా అదుపు చేయలేవు. ఇవేవీ చిన్న విషయాలు కావు, కానీ అభిరుచి కోసం తీసేవాళ్లకు కొనకుండా ఆపేంత పెద్దవీ కావు. డబ్బు తీసుకుని పెళ్లి తీసేవాళ్ల లెక్క వేరు.

పాత లెన్సుల ఆకర్షణ

మిర్రర్‌లెస్‌కు సెన్సర్ దూరం తక్కువ కాబట్టి, మధ్యలో గాజులేని ఎడాప్టర్ పెడితే పాత ఎస్‌ఎల్‌ఆర్ లెన్స్ దాదాపు ఏదైనా ఎక్కుతుంది. సోవియట్ కాలపు హీలియోస్ 44-2, 58 మి.మీ. ఎఫ్/2, ఇందులో బాగా పేరున్నది. నేపథ్యంలోని ఆకులను సుడి తిప్పినట్టు చూపే దాని గుణం కోసం జనం వెతికి కొంటారు. ఫోకస్ చేతితోనే. ఫోకస్ పీకింగ్, తెర మీద పెద్దది చేసి చూసుకోవడం సాయపడతాయి. మెనూలో ‘లెన్స్ లేకుండా షట్టర్’ అన్న ఎంపికను ఆన్ చేయకపోతే చాలా కెమెరాలు క్లిక్ కావు.

నేర్చుకోవడానికి ఇది చక్కటి మార్గం, మొదటి ఏకైక ప్రైమ్‌గా మాత్రం కాదు. ఏపీఎస్-సీ మీద అది 87 మి.మీ. కోణం, కదిలే పిల్లలతో చేతి ఫోకస్ పరీక్షే. ఇక్కడ ఒక ఉచ్చు కూడా ఉంది. నికాన్ పాత 50 మి.మీ. ఎఫ్/1.8డీ సెకండ్ హ్యాండ్‌లో చాలా చౌకగా దొరుకుతుంది. దానిలో ఫోకస్ మోటార్ లేదు, దాన్ని జడ్ కెమెరాకు తగిలించే ఎఫ్‌టీజడ్ ఎడాప్టర్‌లోనూ లేదు. జడ్ కెమెరా మీద అది మాన్యువల్ లెన్సే. కానన్ ఈఎఫ్ 50 ఎస్‌టీఎం అయితే ఆర్ కెమెరాల మీద ఎడాప్టర్‌తో ఆటోఫోకస్ పూర్తిగా చేస్తుంది.

దిద్దుబాటు ఎవరిది: గాజుదా, సాఫ్ట్‌వేర్‌దా

కొత్త చౌక లెన్సుల్లో గీతల వంపు, మూలల చీకటి కొంతవరకు వదిలేసి కెమెరా సాఫ్ట్‌వేర్‌తో సరిచేస్తున్నారు. కానన్ ఆర్‌ఎఫ్ 16 మి.మీ. ఎఫ్/2.8 ముడి ఫైలు చూస్తే మూలలు నల్లగా, గీతలు బాగా వంగి కనిపిస్తాయి. సరిచేశాక మామూలుగా ఉంటుంది. ఇది మోసమని ఒక వర్గం, 165 గ్రాముల బరువుకూ ఆ ధరకూ ఇదే దారి అని మరో వర్గం. ప్రింటు వేసి గోడకు పెట్టుకునే ఫొటోలో ఆ తేడా కనబడదు. తగాదా మాత్రం తీరలేదు.

ధర దేనికి చెల్లిస్తున్నామన్న ప్రశ్నకు ఫ్యూజీఫిల్మ్‌లో ఆసక్తికరమైన ముగ్గురు అన్నదమ్ములున్నారు. 2012 నాటి ఎక్స్ఎఫ్ 35 మి.మీ. ఎఫ్/1.4 నెమ్మదిగా, కాస్త చప్పుడుతో ఫోకస్ అవుతుంది. అయినా దాని బొమ్మ తీరుకు ప్రాణమిచ్చే అభిమానులున్నారు. 2015 నాటి ఎక్స్ఎఫ్ 35 మి.మీ. ఎఫ్/2 చురుకైనది, చినుకులకు తట్టుకుంటుంది. 2020లో వచ్చిన ఎక్స్‌సీ 35 మి.మీ. ఎఫ్/2లో అవే గాజులు, కానీ ఎపర్చర్ రింగు లేదు, తేమ రక్షణ లేదు. బరువు 130 గ్రాములు, విడుదల ధర 199 డాలర్లు. రెండో లెన్స్ ధర అప్పట్లో దానికి రెట్టింపు. ఒకే బొమ్మకు రెండు ధరలు పెట్టి, మిగతాది దేనికి చెల్లిస్తున్నామో ఇంత స్పష్టంగా చూపిన ఉదాహరణ మరొకటి దొరకడం కష్టం.

అసలు ప్రైమ్ కావాలా

ఈ ప్రశ్నను పక్కన పెట్టి సమీక్ష పూర్తి కాదు. 2021లో వచ్చిన సిగ్మా 18-50 మి.మీ. ఎఫ్/2.8 జూమ్ బరువు 290 గ్రాములే. కిట్ లెన్సుకు బదులు అదొక్కటి పెడితే మూడు కోణాలూ ఒకేచోట దొరుకుతాయి. నాయిజ్ తగ్గించే సాఫ్ట్‌వేర్ కూడా ఇటీవల చాలా మెరుగుపడింది. ఇవి బలమైన వాదనలే. అయినా ఎఫ్/1.8 లెన్స్ ఆ జూమ్‌కంటే రెండున్నర రెట్లకు దగ్గరగా వెలుతురు తీసుకుంటుంది, బరువూ ధరా సగం ఉంటాయి. ప్రయాణాలే ఎక్కువైతే జూమ్, ఇల్లూ సాయంత్రాలూ ఎక్కువైతే ప్రైమ్. ప్రైమ్ వాడితే చూపు దానంతటదే పదునెక్కుతుందన్న ప్రచారానికి మాత్రం గట్టి ఆధారం లేదు. ఒకే కోణంతో కొన్ని నెలలు గడిపితే ఫ్రేము ఎంత పడుతుందో కెమెరా ఎత్తకముందే తెలిసిపోవడం నిజమే, ఆ అలవాటు జూమ్‌ను ఒక అంకె దగ్గర ఆపి కూడా చేసుకోవచ్చు.

ఏ కెమెరాకు ఏది

నికాన్ ఏపీఎస్-సీ వాళ్లకు 24 మి.మీ. ఎఫ్/1.7 మొదటి ఎంపిక. ఫుల్ ఫ్రేమ్ జడ్ వాళ్లకు 170 గ్రాముల 40 మి.మీ. ఎఫ్/2. కానన్ ఏపీఎస్-సీలో ఆర్‌ఎఫ్ 28 మి.మీ. ఎఫ్/2.8 బరువు 120 గ్రాములు, కోణం 45 మి.మీ.కి దగ్గర. రోజంతా మోయడానికి హాయి, వెలుతురు మాత్రం తక్కువ. చీకటి వేడుకలే ముఖ్యమైతే సిగ్మా 23 లేదా 30 ఎఫ్/1.4. కానన్ ఫుల్ ఫ్రేమ్‌లో ఆర్‌ఎఫ్ 50 మి.మీ. ఎఫ్/1.8, 160 గ్రాములు, విడుదల ధర 199 డాలర్లు. యాభై సలహా అక్షరాలా నిజమయ్యే చోటు ఇది. సోనీ ఏపీఎస్-సీలో డబ్బుంటే 35 మి.మీ. ఓఎస్‌ఎస్, తక్కువైతే విల్‌ట్రాక్స్ 25 లేదా 35, బరువు పట్టించుకోకపోతే సిగ్మా 30. సోనీ ఎఫ్ఈ 50 మి.మీ. ఎఫ్/1.8 చౌకే కానీ ఫోకస్ నెమ్మది, చప్పుడు కూడా. వీడియో తీసేవాళ్లు దాన్ని వదిలేయడం మంచిది. ఫ్యూజీఫిల్మ్‌కు ఎక్స్‌సీ 35. మైక్రో ఫోర్ థర్డ్స్‌కు పానసోనిక్ 25 మి.మీ. ఎఫ్/1.7 లేదా ఒలింపస్ 25 మి.మీ. ఎఫ్/1.8, ముఖాలకు ఒలింపస్ 45 మి.మీ. ఎఫ్/1.8.

సెకండ్ హ్యాండ్, తేమ, బిల్లు

ప్రైమ్ లెన్సులో కదిలే భాగాలు తక్కువ కాబట్టి సెకండ్ హ్యాండ్ కొనడం జూమ్‌కంటే క్షేమం. చూడాల్సినవి కొన్నే. ఫోన్ టార్చి ఒకవైపు నుంచి వేసి ఇంకోవైపు నుంచి చూస్తే బూజు సాలెగూడు దారాల్లా కనిపిస్తుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీర ప్రాంతాల తేమలో బీరువాలో ఏళ్ల తరబడి పడి ఉన్న లెన్సులకు ఈ జబ్బు మామూలు. బూజు పట్టినది ఎంత చౌకైనా వద్దు. నాలుగు ధూళి రేణువులుంటే పరవాలేదు. ఎపర్చర్ రెక్కల మీద నూనె ఉండకూడదు. తన కెమెరాకు తగిలించి, దగ్గరి వస్తువు మీదా దూరపు వస్తువు మీదా ఫోకస్ తీయించి చూడాలి. కొన్నాక గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ వేసి, తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండేలా దాచుకోవాలి.

కొత్తది కొంటే బిల్లు ముఖ్యం. భారత వారంటీ లేని దిగుమతి సరుకు చౌకగా కనిపిస్తుంది, రిపేరు వస్తే ఆ ఆదా అక్కడే పోతుంది.

తీర్పు

వాదనలన్నీ చూశాక ఒక క్రమం నిలబడుతుంది. ముందు కోణం, తర్వాత బరువు, ఆ తర్వాత ఆటోఫోకస్, చివర ఎపర్చర్. కిట్ లెన్సుతో పోలిస్తే ఎఫ్/2.8 కూడా మెరుగే, ఎఫ్/2 దాటితే అభిరుచికి దాదాపు అన్నీ చాలినవే. ఏపీఎస్-సీ కెమెరా ఉన్నవాళ్లు మొదటి ప్రైమ్‌గా 23 నుంచి 35 మధ్యే చూడాలి, యాభైని రెండో లెన్సుగా ఉంచుకోవాలి.

ఆ మధ్యలో ఏ అంకె అన్నది ఎవరినీ అడగనవసరం లేదు. గత ఆరు నెలల్లో కిట్ లెన్సుతో తీసి దాచుకున్న, ఇష్టమైన ఫొటోలను కంప్యూటర్‌లో తెరిచి ఒక్కొక్కదాని వివరాల్లో ఫోకల్ లెంగ్త్ చూడండి. ఏ అంకె చుట్టూ ఎక్కువ పోగుపడిందో దానికి దగ్గరి లెన్స్ కొనండి.